వారి వలన, వారి కొఱకు: పర్యావరణ సమీక్షలో రాబోయే నివాసి స్థానం

సంగ్రహం

కార్యాలయాలకు కేటాయించిన భూమిని బహుకుటుంబ నివాసాల భూమిగా మార్చే ముందు జరిగే పర్యావరణ సమీక్షలో, ఆ ఇళ్లలోకి రాబోయే మనిషికి ఉన్న స్థానమేమిటన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. కాలిఫోర్నియా రాష్ట్రపు చట్టాన్ని, అక్కడి మౌంటెన్ వ్యూ నగరంలోని నార్త్ బేషోర్ ప్రాంతాన్ని ఆధారంగా తీసుకొని, రాబోయే నివాసి ఈ సమీక్షలో హాని చేసేవాడుగా మాత్రమే లెక్కకు వస్తున్నాడని, హాని పొందగలవాడుగా, మేలు పొందవలసినవాడుగా లెక్కకు రావడం అరుదని ఈ వ్యాసం నిరూపించజూస్తుంది. సమీక్షను తొలగించడం దీనికి పరిష్కారం కాదని, సమీక్ష అడిగే ప్రశ్నను పూర్తి చేయడమే న్యాయమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పర్యావరణ సమీక్ష, భూవినియోగ మార్పిడి, బహుకుటుంబ నివాసాలు, విభక్త్యర్థం, పరోక్ష వ్యక్తి, నైతిక స్థానం.

1. ఉపోద్ఘాతం

ఒక నగరం తన భూమిని నివాసానికి, వ్యాపారానికి, కార్యాలయాలకు, పరిశ్రమలకు వేరువేరుగా విభజించుకుంటుంది. దీనినే వాడుకలో జోనింగ్ అంటారు. ఒకనాటి అవసరాన్ని బట్టి గీసిన ఈ గీతలు మరొకనాటి అవసరానికి అడ్డమవుతాయి. అద్దాల భవనాలకూ వాటి చుట్టూ ఉన్న విశాలమైన వాహన స్థలాలకూ కేటాయించిన భూమిలో అపార్ట్‌మెంట్లు కట్టాలంటే ముందుగా ఆ గీతను చెరిపి కొత్తగా గీయాలి. కాలిఫోర్నియాలో ఆ పని ప్రభుత్వ నిర్ణయం కనుక, దానికి ముందు పర్యావరణ సమీక్ష జరగాలి.

ఈ సమీక్షకు మూలం 1970 నాటి కాలిఫోర్నియా పర్యావరణ నాణ్యత చట్టం. నాటి గవర్నర్ రోనాల్డ్ రీగన్ దానిపై సంతకం చేశారు. ప్రభుత్వ అనుమతి అవసరమైన ప్రైవేటు నిర్మాణాలకు కూడా ఈ చట్టం వర్తిస్తుందని 1972లో 'ఫ్రెండ్స్ ఆఫ్ మామత్' కేసులో రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానం తీర్పునిచ్చింది. తలపెట్టిన పని వల్ల గాలికి, నీటికి, జీవజాలానికి, శబ్ద పరిస్థితికి, రాకపోకలకు కలిగే మార్పును ముందుగా తెలుసుకోవాలి, ప్రజలకు తెలియజేయాలి, వారి వ్యాఖ్యలకు సమాధానం చెప్పాలి, తగ్గించగల హానిని తగ్గించాలి. చట్టం కోరేది స్థూలంగా ఇంతే. దీని ఔచిత్యాన్ని శంకించవలసిన పని లేదు. తెలియకుండా చేసే హాని కంటే తెలిసి చేసే నిర్ణయం మేలన్న నీతి దీనికి పునాది.

అయితే ఏ లెక్కలోనైనా ముందుగా తేలవలసింది లెక్కించేదెవరిని అన్నది. ఈ వ్యాసపు విచారం అక్కడ మొదలవుతుంది.

2. 'పర్యావరణం' అన్న మాటలో దాగిన కేంద్రం

'పర్యావరణం' అన్న పదంలో 'పరి' అన్న ఉపసర్గ, 'ఆవరణం' అన్న నామం ఉన్నాయి. 'పరిసరం'లోనూ అదే ఉపసర్గ కనిపిస్తుంది. 'పరి' అంటే చుట్టూ. చుట్టూ అన్నప్పుడు దేని చుట్టూ, ఎవరి చుట్టూ అన్న ఆకాంక్ష సహజంగా కలుగుతుంది. వృత్తానికి కేంద్రం ఉన్నట్లే పర్యావరణానికీ ఒక కేంద్రం ఉండాలి. చట్టభాషలో ఆ కేంద్రం ఎవరన్నది పైకి చెప్పరు. సమీక్ష జరిగే పద్ధతిలో మాత్రం అది స్పష్టంగా తెలుస్తుంది.

సమీక్షకు నోటీసు వెలువడిన నాటికి ఆ చోట ఉన్న పరిస్థితే సాధారణంగా ప్రాతిపదిక స్థితి. కొత్త పని తెచ్చే మార్పును దానితో పోల్చి కొలుస్తారు. అంటే ఆనాటి స్థితి సున్న అవుతుంది. అప్పటికే అక్కడ ఉన్న కార్యాలయాలు, వాటికోసం ప్రతి ఉదయం తరలివచ్చే కార్లు, ఎండకు కాగే తారు నేల, ఇవన్నీ ఆ సున్నలో కలిసిపోతాయి. వాటిపై కొత్తగా చేరేవన్నీ 'ప్రభావాలు' అవుతాయి. ముందే ఉన్నది ప్రకృతి, తరువాత వచ్చినది వికృతి అన్న భావన ఈ విధంగా గణితం రూపంలో స్థిరపడుతుంది. పోల్చడానికి ఏదో ఒక ప్రాతిపదిక తప్పదు కనుక ఈ పద్ధతిని దోషమనలేము. కాని సౌకర్యం కోసం ఎన్నుకున్న సున్నను నైతికమైన సున్నగా భ్రమించడం దోషమే. ఈ వ్యవహారంలో ఆ భ్రమ తరచుగా కలుగుతుంది.

ప్రజాభిప్రాయ ఘట్టంలోనూ కేంద్రం అదే. చట్టప్రకారం ఎవరైనా వ్యాఖ్యానించవచ్చు. అయితే నోటీసు చూసేవారు, సభకు రాగలిగేవారు, తమకు పోయేదేమిటో తెలిసినవారు ఆ చుట్టుపక్కల ఇప్పటికే నివసిస్తున్నవారు. ఐదారేళ్ల తరువాత ఆ ఇంట్లో అద్దెకు దిగబోయే మనిషి సభకు రాడు. తానే ఆ మనిషినన్న సంగతి అతనికే తెలియదు. అతని గైర్హాజరీకి కారణం ఉదాసీనత కాదు, ఆ సంగతి అతనికి తెలిసే అవకాశమే లేకపోవడం. తన ప్రయోజనమిదని తెలిసే వీలు లేనివాడి పక్షాన మాట్లాడవలసిన బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు చట్టం నేరుగా సమాధానమివ్వదు.

3. నార్త్ బేషోర్: ఒక నిదర్శనం

మౌంటెన్ వ్యూ నగరంలో 101వ నంబరు రహదారికి ఉత్తరాన, శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం ఒడ్డున ఉన్న కార్యాలయాల ప్రాంతం నార్త్ బేషోర్. గూగుల్ ప్రధాన కార్యాలయం ఉన్నది ఇక్కడే. పక్కనే షోర్‌లైన్ ఉద్యానం ఉంది. నేలబొరియలలో గూడు పెట్టుకొనే చిన్న గుడ్లగూబలకు అది ఆవాసం. 2012లో నగరం తన సాధారణ ప్రణాళికను సవరించుకున్నప్పుడు ఈ ప్రాంతంలో ఇళ్లకు చోటివ్వలేదు. 2014లో ఆమోదించిన నిర్దిష్ట ప్రణాళికలోనూ ఇళ్లు లేవు. అప్పటి చర్చలో వినిపించిన అభ్యంతరాలలో గుడ్లగూబల రక్షణ ఒకటి. నివాసులు వస్తే వారి వెంట పిల్లులు, కుక్కలు వస్తాయని, అవి ఆ పక్షులకు ముప్పవుతాయని అన్నారు. ఆ తరువాత నగరమండలి అభిప్రాయం మారింది. 2017 డిసెంబరులో 9,850 ఇళ్లకు వీలు కల్పిస్తూ ప్రణాళికను సవరించారు. 20 శాతం ఇళ్లు అందుబాటు ధరలో ఉండాలన్నది దాని లక్ష్యం. 2023 జూన్‌లో 7,000 వరకు ఇళ్లు గల గూగుల్ సమగ్ర ప్రణాళికను నగరం ఆమోదించింది.

ఈ వృత్తాంతంలో గమనించవలసిన విషయం ఒకటుంది. గుడ్లగూబ గురించిన ఆందోళన వట్టి సాకు కాదు. కాలిఫోర్నియాలో ఆ పక్షి క్షీణిస్తున్న మాట నిజం. 2024లో రాష్ట్ర కమిషన్ దానిని రక్షణ జాబితాకు అభ్యర్థి జాతిగా స్వీకరించింది. కాని అదే కాలంలో అదే నేలమీద వేలమంది పనిచేసే కార్యాలయాలకు అనుమతి ఉంది. పగలు వచ్చి సాయంత్రం వెళ్లిపోయే మనిషికి పక్షి పక్కన చోటు దొరికింది, అక్కడే నిద్రించదలచిన మనిషికి దొరకలేదు. ఉద్యోగిగా స్వాగతం పొందిన వ్యక్తి నివాసిగా ప్రభావమైపోయాడు.

తెలుగు పాఠకులకు ఇది దూరపు సంగతి కాదు. ఆ లోయలోని కార్యాలయాలలో పనిచేసే తెలుగువారు ఎందరో ఉన్నారు. ఇల్లు కొనుక్కొని స్థిరపడిన పాతతరమూ, అద్దె భారంతో దూరపు ఊళ్లకు జరుగుతున్న కొత్తతరమూ వారిలో ఉన్నాయి. అందువల్ల ఈ వివాదంలోని రెండు పక్షాలూ ఒకే భాషలో, ఒక్కొక్కసారి ఒకే కుటుంబంలో వినిపించగలవు.

4. పంచమిలో కనిపించే నివాసి

తెలుగు వ్యాకరణ సంప్రదాయంలో 'వలనన్' పంచమీ విభక్తి ప్రత్యయం. అది హేతువును తెలుపుతుంది. 'కొఱకున్', 'కై' చతుర్థీ విభక్తి ప్రత్యయాలు. ఏ క్రియాఫలం ఎవరికి ఉద్దిష్టమో ఆ సంప్రదానాన్ని అవి తెలుపుతాయి. నేటి వ్యవహారంలో ఈ అర్థాన్ని షష్ఠిగా చెప్పబడిన 'కి', 'కు'లే ఎక్కువగా మోస్తున్నా, అర్థభేదం మాత్రం చెక్కుచెదరలేదు. ఒక పర్యావరణ ప్రభావ నివేదికను ఈ దృష్టితో చదివితే రాబోయే నివాసి దాదాపు ప్రతి అధ్యాయంలోనూ పంచమిలోనే కనిపిస్తాడు. అతని వలన రద్దీ, అతని వలన నీటి వాడకం, అతని వలన చెత్త, అతని వలన పాఠశాలపై భారం. అతని కొఱకు ఏమి జరుగుతున్నదన్న అధ్యాయం ఉండదు.

ఈ తర్కం ఎంతదూరం పోగలదో బర్క్‌లీ వివాదం చూపింది. పీపుల్స్ పార్క్ అన్న చోట సుమారు 1,100 మంది విద్యార్థులకూ, వారితోపాటు నిలువనీడ లేని కొందరికీ ఇళ్లు కట్టాలని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తలపెట్టింది. అక్కడ నివసించే విద్యార్థులు చేయగల సందడిని పర్యావరణ ప్రభావంగా విశ్లేషించి ఉండవలసిందని 2023లో అప్పీలు న్యాయస్థానం తీర్పు చెప్పింది. అదే సంవత్సరం శాసనసభ చట్టాన్ని సవరించి, నివాసుల వల్ల కలిగే శబ్దం నివాస నిర్మాణాల విషయంలో గణనీయ ప్రభావం కాదని ప్రకటించింది. ఆ సవరణ వెలుగులో 2024 జూన్‌లో రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానం పై తీర్పును తోసిపుచ్చింది. వివాదం ఆ విధంగా ముగిసింది. కాని మనిషి గొంతును పొగతో, మురుగుతో ఒకే వరుసలో కూర్చోబెట్టగల వీలు ఆ చట్టనిర్మాణంలో యాభై ఏళ్లు ఉన్నదన్న విషయం మిగిలింది.

దీనికి మరో ముఖం ఉంది. పరిసరాలపై ప్రాజెక్టు చూపే ప్రభావాన్ని చట్టం పరిశీలించమంటుందే గాని, ఇప్పటికే ఉన్న పరిసర దోషాలు రాబోయే నివాసులపై చూపే ప్రభావాన్ని సాధారణంగా పరిశీలించమనదని 2015లో అదే సర్వోన్నత న్యాయస్థానం వ్యాఖ్యానించింది. ఆ దోషాలను ప్రాజెక్టు మరింత పెంచే సందర్భాలూ, చట్టం ప్రత్యేకంగా పేర్కొన్న కొన్ని సందర్భాలూ దీనికి మినహాయింపులు. చట్టపాఠాన్ని బట్టి ఈ వ్యాఖ్యానం సమర్థనీయమే కావచ్చు. దాని నైతిక తాత్పర్యం మాత్రం ఆలోచింపదగినది. సిలికాన్ లోయలో కార్యాలయ భూముల చరిత్ర నిర్దోషమైనది కాదు. చిప్పుల పరిశ్రమ వాడిన ద్రావకాలు భూగర్భజలంలోకి ఇంకిన ఫలితంగా శాంటా క్లారా కౌంటీలో దేశంలోని ఏ ఇతర కౌంటీకంటే ఎక్కువగా సూపర్‌ఫండ్ స్థలాలు ఏర్పడ్డాయి. మౌంటెన్ వ్యూలోని మిడిల్‌ఫీల్డ్–ఎల్లిస్–విస్మన్ ప్రాంతం వాటిలో ఒకటి. అటువంటి నేలను శుద్ధి చేయించే చట్టాలు వేరుగా ఉన్నాయి, అవి పనిచేస్తున్నాయి. ఇక్కడి ప్రశ్న అది కాదు. పర్యావరణం పేరిట జరిగే ప్రధాన సమీక్షలో నివాసి చేసే చప్పుడుకు చోటు కోరగలిగారు, నివాసి పీల్చబోయే గాలికి ఆ చోటు సహజంగా లేదు. వ్యాకరణ పరిభాషలో, కొత్త నివాసికి పంచమి అనివార్యమైంది, చతుర్థి వైకల్పికమైంది.

చతుర్థికి చట్టంలో బొత్తిగా చోటు లేదనడం అన్యాయమవుతుంది. గణనీయమైన హాని మిగిలినా, ఇళ్ల వంటి ప్రయోజనాలు అంతకంటే ఎక్కువని ప్రకటించి నగరం ప్రాజెక్టును ఆమోదించవచ్చు. కాని ఈ ప్రకటన వచ్చేది చివరన, దోషం నమోదైన తరువాత చెప్పుకునే సంజాయిషీగా వస్తుంది. మనిషికి ఇల్లు దొరకడం సమీక్షలో భాగం కాక, సమీక్షను దాటడానికి చూపే కారణమవుతున్నది.

5. కొలమానం మారితే మనుషులు మారుతారు

ఈ అసమానత ప్రకృతిసిద్ధం కాదని చెప్పడానికి రాకపోకల లెక్క మంచి ఉదాహరణ. చాలాకాలం కూడళ్ల వద్ద వాహనాలు ఎంతసేపు ఆగుతున్నాయన్నదే కొలతగా ఉండేది. ఆ కొలత ప్రకారం కార్యాలయాల మధ్య కట్టే అపార్ట్‌మెంటు దోషి, ఎందుకంటే ఆ కూడలిలో ఇంకొన్ని కార్లు చేరుతాయి. ఆల్టమాంట్ కనుమకు ఆవల ట్రేసీ వంటి ఊళ్లలో కట్టే ఇల్లు మౌంటెన్ వ్యూ కూడలి లెక్కలో నిర్దోషి. ఆ ఇంటివాడు రోజూ కనుమ దాటి పనికి వచ్చిపోయే గంటలు, అతను కాల్చే ఇంధనం ఏ ఒక్క కూడలికీ చెందవు గనుక ఎక్కడా దోషంగా కనిపించవు. 2013 నాటి 743వ సెనేట్ బిల్లు ఈ కొలతను మార్చడానికి దారి తీసింది. 2020 జూలై నుంచి రాష్ట్రమంతటా వాహనాలు ప్రయాణించే మొత్తం దూరమే ప్రధాన కొలత అయింది. ఈ కొలతలో పనికి దగ్గరగా ఉన్న ఇల్లు భారం కాదు, ఉపశమనం.

రోడ్డు అదే, మనిషి అదే. కొలత మారేసరికి ఒకడు నేరస్థుడి స్థానం నుంచి సాక్షి స్థానానికి వచ్చాడు. కనుక ఏ కొలమానాన్ని ఎన్నుకోవాలన్నది సాంకేతిక నిపుణులకు మాత్రమే వదలదగిన ప్రశ్న కాదు. ఎవరి జీవితం లెక్కలోకి రావాలన్న నైతిక నిర్ణయం అందులో ముందే జరిగిపోతుంది.

6. ఆక్షేపణలు – సమాధానాలు

ఈ వాదంపై మూడు ఆక్షేపణలకు అవకాశముంది.

మొదటిది పాత నివాసుల పక్షం. ముందు వచ్చిన చెవులకన్న వెనుక వచ్చిన కొమ్ములు వాడి అన్న సామెతలో ఉన్న భయం వట్టిది కాదు. ఊరిని ఊరుగా నిలిపినవారికి, దాని చెట్లను, బడిని, నడకదారిని పోషించినవారికి దానిపై మమకారమూ కొంత అధికారమూ ఉంటాయి. కాని ఆ అధికారం భారాన్ని పంచుకునే పద్ధతిపై ఉండగలదే గాని, మరొక మనిషి రాకను కాలుష్యంగా నిర్వచించడంపై ఉండజాలదు. బడిలో చోటు చాలదన్నది న్యాయమైన మాట. దానికి సమాధానం బడిని విస్తరించడం, ఖర్చును పంచుకోవడం. ఆ మాటనే ప్రకృతి పేరిట చెప్పినప్పుడు, చర్చించి తేల్చుకోవలసిన పంపకపు సమస్య చర్చకు అందని పవిత్రతను పొందుతుంది.

రెండవది ప్రకృతి పక్షం. గుడ్లగూబ కూడా సభకు రాలేదు, దాని పక్షాన మాట్లాడే చట్టాన్ని బలహీనపరచడం న్యాయమా అన్నది ఆ ప్రశ్న. చెట్లకు న్యాయస్థానంలో నిలిచే అర్హత ఉండాలా అని క్రిస్టఫర్ స్టోన్ 1972లో రాసిన వ్యాసం ఈ చింతనకు దారి చూపింది. ఈ ఆక్షేపణ బలమైనది. అయితే ఇది రాబోయే నివాసికి విరోధి కాదు, సహచరి. ఇద్దరూ పరోక్షవ్యక్తులే. ఒకరికి భాష లేదు, మరొకరు ఇంకా రాలేదు. పక్షికి ఆవాసాన్ని విడిచిపెట్టి, వెలుతురును, పెంపుడు జంతువులను నియంత్రించి, మిగిలిన తారు నేలపై ఎత్తుగా ఇళ్లు కట్టడం సాధ్యమే. ఆ ఇళ్లను లోయకు ఆవలి గడ్డిభూములకు తరిమితే అక్కడా జీవజాలం ఉంది. ఈ లెక్కలో ఆ జీవాలకూ చోటు లేదు.

మూడవది అన్నిటిలో సూక్ష్మమైనది. 'రాబోయేవారి కొఱకు' అన్న మాటను ఎవరైనా వాడుకోవచ్చు. లాభం కోసం కట్టేవాడు ఇల్లు లేనివాడి పేరు చెప్పి అనుమతి పొంది, సంపన్నుడికి అద్దెకిస్తే ఆ చతుర్థి కపటమవుతుంది. ఇది నిజం కనుకనే 'ఎవరి కొఱకు' అన్న ప్రశ్నను సమీక్షలో అడిగి తీరాలి. ఎంత అద్దెకు, ఎంతమందికి, ఎంతకాలం అన్నవి ప్రకటనలుగా కాక పరిశీలించి నిర్ధారించదగిన అంశాలుగా రావాలి. కపట చతుర్థికి విరుగుడు చతుర్థిని పూర్తిగా వదలిపెట్టడం కాదు, దాన్ని పరీక్షించడం.

భవిష్యత్ తరాల గురించిన తాత్త్విక చర్చ ఇక్కడ అడ్డురాదని కూడా గుర్తించాలి. డెరెక్ పార్ఫిట్ 1984లో 'రీజన్స్ అండ్ పర్సన్స్' గ్రంథంలో విశదీకరించిన చిక్కు, మన నిర్ణయాన్ని బట్టే ఎవరు పుడతారన్నది తేలే సందర్భాలకు చెందినది. నార్త్ బేషోర్‌కు రాబోయే మనిషి పుట్టనివాడు కాదు. అతడు ఈ క్షణాన మరెక్కడో ఇరుకు గదిలోనో, దూరపు ఊరిలోనో, రహదారిపై కారులోనో ఉన్నాడు. అతనికి జరిగే హాని ఊహ కాదు, కేవలం చోటు మారి జరుగుతున్నది.

7. 'ఇక్కడ కాకపోతే ఎక్కడ'

ఈ అన్యాయానికి కాలిఫోర్నియా ఎన్నుకున్న మార్గం ప్రధానంగా మినహాయింపు. కార్యాలయ, వాణిజ్య భూములలో ఇళ్లకు దారి తెరుస్తూ 2022లో రెండు చట్టాలు వచ్చాయి. 2025 జూన్ 30న సంతకమైన 130వ అసెంబ్లీ బిల్లు పట్టణాల లోపల కట్టే ఇళ్లకు, నిర్దిష్ట షరతులకు లోబడి, పర్యావరణ సమీక్ష నుంచే మినహాయింపునిచ్చింది. దీనిని అభివృద్ధి గెలుపుగానో, ప్రకృతి ఓటమిగానో వర్ణించడం తేలిక. అయితే ఆ షరతులలో కొన్ని గమనింపదగినవి. స్థలంలో విషపదార్థాల జాడ ఉందేమో పరిశీలించాలి. పెద్ద రహదారికి 500 అడుగుల లోపు కట్టే ఇళ్లకు గాలిని వడపోసే ఏర్పాటు ఉండాలి, రహదారివైపు బాల్కనీలు ఉండరాదు. సమీక్ష తొలగిన చోటనే నివాసి పీల్చే గాలి ప్రస్తావనకు వచ్చింది. సమీక్ష మరచిన చతుర్థి మినహాయింపులో కనిపించడం విచిత్రమే అయినా అర్థవంతం.

మినహాయింపుకు పరిమితి ఉంది. అది నివాసిని నిందనుంచి విడిపిస్తుంది, సంభాషణలోకి మాత్రం తీసుకురాదు. అంతకంటే మేలైన దారి పాత చట్టంలోనే ఉంది. ప్రతి ప్రభావ నివేదికలోనూ 'ప్రాజెక్టు లేకపోతే' అన్న ప్రత్యామ్నాయాన్ని చర్చించాలి. అనుమతి నిరాకరిస్తే ఊహింపదగిన పర్యవసానాలు ఏవైనా ఉంటే వాటిని కూడా చర్చించాలని నిబంధనలు చెబుతున్నాయి. ఒకచోట నిర్మాణాన్ని నిషేధిస్తే అది మరొకచోటికి తరలవచ్చునన్న అంశాన్ని ఊహామాత్రమని ముందే తోసిపుచ్చరాదని 2007లో 'మజ్జీ రాంచ్' కేసులో రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానం గుర్తించింది. కాబట్టి 'ఇక్కడ కడితే ఏమవుతుంది' అన్న ప్రశ్నకు జతగా 'ఇక్కడ కట్టకపోతే ఆ మనుషులు ఎక్కడ ఉంటారు, అక్కడి గాలి, నేల, జీవాలు ఏమవుతాయి' అన్న ప్రశ్నను సమాన శ్రద్ధతో అడగడం చట్టానికి పరాయిది కాదు. నిరాకరణ కూడా ఒక క్రియే. దానికీ కర్త ఉంటాడు, దానికీ ఫలముంటుంది. సమీక్ష క్రియను మాత్రమే విచారించి అక్రియను నిర్దోషిగా వదిలేయడమే ఇంతవరకు జరిగిన పొరపాటు.

భారతదేశపు స్థితి దీనికి మరో కొసన ఉంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ప్రకారం 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణాలకు ముందస్తు అనుమతి కావాలి. కాని భవన నిర్మాణ ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి ఆ ప్రకటనే మినహాయింపునిచ్చింది. హైదరాబాదు పశ్చిమాన లేచే బహుళ అంతస్తుల విషయంలో పొరుగువాడు, రాబోయేవాడు, చెరువు అన్న ముగ్గురూ సభ బయటే ఉంటారు. అక్కడ ఒకరి గొంతు మిగిలినవారిని మింగింది, ఇక్కడ ఎవరి గొంతుకూ వేదిక లేదు. కాలిఫోర్నియా అనుభవాన్ని చూపి ప్రజల మాట వినడమే అనర్థమని ఇక్కడ వాదిస్తే అది తప్పుడు పాఠమవుతుంది.

8. ముగింపు

కార్యాలయ భూమిని నివాస భూమిగా మార్చడమన్నది పైకి పటంలో ఒక రంగును మార్చడం. అంతరార్థంలో, పగలు పనికి పనికివచ్చిన మనిషికి రాత్రి ఉండే హక్కును ఒప్పుకోవడం. ఆ నిర్ణయానికి ముందు గాలిని, నీటిని, పక్షిని విచారించడం ధర్మం. ఆ విచారణలో మనిషిని హేతువుగా లెక్కించడమూ తప్పు కాదు, ఎందుకంటే మనిషి ఉనికికి ప్రకృతి మీద భారం తప్పదు. ఆ భారం మనిషి ఎక్కడున్నా తప్పదన్నది మరవడం, అతడు రాకపోతే లేనట్టేనని భావించడం తప్పు. పంచమిని తొలగించనక్కరలేదు, దాని పక్కన చతుర్థి ఉండాలి. 'వారి వలన' ఏమి జరుగుతుందో లెక్కించే ప్రతి పుటకూ ఎదురుగా 'వారి కొఱకు' ఏమి జరుగుతుందో, వారిని నిరాకరిస్తే ఎవరికి ఏమి జరుగుతుందో తెలిపే పుట ఉన్నప్పుడే పర్యావరణ సమీక్ష తన పేరులోని 'పరి' శబ్దానికి న్యాయం చేయగలుగుతుంది.